లెక్క ఎవరికి ఒప్పజెప్పాలి? క్రైస్తవ సంఘాల్లో నాయకత్వం, పాలన

సంక్షిప్తంగా: క్రైస్తవ సంఘాలను నడిపే పద్ధతులు స్థూలంగా మూడు. బిషప్పుల పాలన, పెద్దల సభల పాలన, స్థానిక సభ్యుల పాలన. మూడింటికీ బైబిల్లోంచే ఆధారాలు చూపిస్తారు. అయితే బయట బోర్డు మీద ఉన్న పేరు చూస్తే తెలిసేది తక్కువ. నాయకుణ్ణి ఎవరు నియమిస్తారు, ఎవరు తప్పించగలరు, ఆస్తి ఎవరి పేరున ఉంది అన్న మూడు ప్రశ్నలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఇటీవల ఈ మూడు పద్ధతులవాళ్లూ ఒకరి దగ్గరి నుంచి ఒకరు కొన్ని ఏర్పాట్లు తీసుకోవడం ఎక్కువైంది.

ఒకే మనుషులు, రెండు పేర్లు

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు మిలేతులో ఆగి, ఎఫెసు సంఘపు పెద్దలకు కబురు పెడతాడు. 17వ వచనంలో వాళ్లు ‘పెద్దలు’. అదే మనుషులతో మాట్లాడుతూ 28వ వచనానికి వచ్చేసరికి పరిశుద్ధాత్మ మిమ్మల్ని ‘అధ్యక్షులనుగా’ ఉంచాడని అంటాడు. గ్రీకులో మొదటి మాట ప్రెస్బుతెరోస్, రెండోది ఎపిస్కొపోస్. బిషప్ అన్న మాట ఈ రెండో దాని నుంచి పుట్టింది. మొదటి మాట నుంచి ప్రెస్బిటర్ వచ్చింది, ఇంగ్లిష్‌లో అది నలిగి నలిగి ప్రీస్ట్ అయింది. మూడో పదవి దియాకొనోస్, అంటే పరిచారకుడు, డీకన్.

సంఘ పాలన మీద ఐదు వందల ఏళ్లుగా సాగుతున్న వాదనలో సగం ఈ రెండు వచనాల చుట్టూనే తిరుగుతుంది. పెద్దలు, అధ్యక్షులు ఒకరే అయితే పెద్దల మీద మళ్లీ బిషప్ ఎందుకన్నది ఒక పక్షం. పౌలు తన సహచరుడు తీతును క్రేతు దీవిలో వదిలి పట్టణం పట్టణానికీ పెద్దలను నియమించమన్నాడు కదా, అలా నియమించేవాడు పెద్దలకు పైవాడు కాడా అన్నది రెండో పక్షం. ఇక మూడో పక్షం మత్తయి 18 తీస్తుంది. తప్పు చేసినవాడు ఎవరి మాటా వినకపోతే ‘సంఘమునకు తెలియజెప్పుము’ అని ఉంది, చివరి మాట సంఘానిదే అని అక్కడ అర్థం చెబుతారు. అపొస్తలుల కార్యములు 6లో ఏడుగురిని జనం ఏర్పరచుకుంటే అపొస్తలులు చేతులుంచారు. ఈ వాక్యంలో ఒకరు మొదటి సగం కింద గీత గీస్తే ఇంకొకరు రెండో సగం కింద గీస్తారు.

కొత్త నిబంధన ముగిసిన కొద్ది కాలానికే చిత్రం మారిపోయింది. రెండో శతాబ్దం తొలి నాళ్లలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్, మరణశిక్ష కోసం తనను రోముకు తీసుకుపోతుండగా దారిలో కొన్ని సంఘాలకు ఉత్తరాలు రాశాడు. వాటిలో ఊరికి ఒక బిషప్, ఆయన చుట్టూ పెద్దలు, వాళ్ల కింద పరిచారకులు అన్న మూడంచెల ఏర్పాటు స్పష్టంగా కనిపిస్తుంది. తప్పుడు బోధలు చీలికలు తెస్తున్న సమయంలో ఏది అసలు బోధో చెప్పడానికి, వేరే ఊళ్ల సంఘాలతో ఉత్తర ప్రత్యుత్తరాలకు, బీదల కోసం పోగైన సొమ్ము చూసుకోవడానికి ఒక మనిషి అవసరమయ్యాడని చరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణం. ఆసక్తికరమైన సంగతేమిటంటే, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్, తానే కాథలిక్ సంప్రదాయంలో పెద్ద పండితుడై ఉండి కూడా, మొదట్లో పెద్దలు, బిషప్పులు ఒకరేనని, వేరు చేసింది ఆచారమేనని రాశాడు. వెయ్యేళ్ల తర్వాత ప్రొటెస్టెంట్లు ఆ మాటను పట్టుకుని వదల్లేదు.

బిషప్పుల పాలన: ఒకటే పేరు, వేర్వేరు యంత్రాంగాలు

ఇందులో అందరికీ తెలిసింది కాథలిక్ పద్ధతి. ‘ఈ బండమీద నా సంఘమును కట్టుదును’ అని పేతురుతో యేసు అన్న మాట దానికి పునాది. పోప్ పేతురు వారసుడు, బిషప్పులు అపొస్తలుల వారసులు. లాటిన్ ఆచార సంఘాల్లో ఒక డయోసిస్‌కు, అంటే బిషప్ పాలించే ప్రాంతానికి, బిషప్ కావాలంటే పోప్ రాయబారి, అంటే నన్షియో, విచారించి సాధారణంగా మూడు పేర్లతో జాబితా పంపుతాడు. పేరు ఖరారు చేసేది పోప్. 75 ఏళ్లు నిండగానే బిషప్ రాజీనామా పత్రం పంపాలి, ఆమోదించడం మాత్రం పోప్ ఇష్టం. 1870లో మొదటి వాటికన్ సభ పోప్ అధికారాన్ని శిఖరానికి చేర్చింది. 1962-65 నాటి రెండో వాటికన్ సభ బిషప్పులందరూ ఒక సమూహంగా, పోప్‌తో కలిసి సంఘ బాధ్యత మోస్తారని చెప్పి కొంత సమతూకం తెచ్చింది. కింది స్థాయిలో ప్రతి విచారణకూ, అంటే స్థానిక పారిష్‌కూ, ఆర్థిక మండలి తప్పనిసరి. అయితే విశ్వాసుల మండళ్లు చాలావరకు సలహా ఇచ్చేవే. గురువు, అంటే ప్రీస్ట్, వాటిని వినాలి, వాటి మాటకు కట్టుబడాల్సిన పని లేదు.

ఆర్థోడాక్స్ సంఘాల్లో బిషప్పులున్నారు కానీ అందరి మీదా పోప్ లేడు. కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్, అంటే అక్కడి ప్రధాన బిషప్, సమానుల్లో మొదటివాడు. ఆ ‘మొదటి’ అన్న మాటకు ఎంత బరువు అన్నదే పేచీ. 2016లో క్రీట్ దీవిలో మహాసభ పెడితే రష్యా, బల్గేరియా, జార్జియా, అంతియొకయ సంఘాలు రాలేదు. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ యుక్రెయిన్‌లో ఒక సంఘానికి స్వతంత్ర హోదా ఇచ్చింది. అది తన పరిధి అని మాస్కో అప్పటికే, 2018 అక్టోబరులో, సంబంధం తెంచుకుంది. పంచాయతీ చేయడానికి ఇద్దరికీ పైవాడంటూ లేకపోతే పేచీ అలా నిలిచిపోతుంది.

ఆంగ్లికన్లు బిషప్పులను ఉంచుకుని, 1534లో పోప్‌ను వదులుకున్నారు. నేటి ఇంగ్లండ్ సంఘంలో చట్టాలు చేసేది జనరల్ సినడ్. దానిలో బిషప్పులు, గురువులు, సామాన్య విశ్వాసులకు మూడు వేర్వేరు సభలు. ఇది ఎలా పనిచేస్తుందో 2012 నవంబరులో లోకమంతా చూసింది. మహిళలను బిషప్పులుగా అనుమతించాలన్న తీర్మానానికి మూడు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. బిషప్పుల్లో 44 మంది అవునన్నారు, 3 కాదన్నారు. గురువుల్లో 148, 45. విశ్వాసుల సభలో 132 మంది అవునని, 74 మంది కాదని ఓటేశారు. ఇంకో ఆరుగురు అటు ఓటేస్తే సరిపోయేది. తీర్మానం వీగిపోయింది. బిషప్పుల సంఘమంటే బిషప్పులు అనుకున్నది జరిగిపోతుందనుకునేవాళ్లకు ఈ లెక్క జవాబు. 2014లో మళ్లీ పెట్టినప్పుడు నెగ్గింది.

మెథడిస్టుల బిషప్పుల కథ వేరు. అమెరికాలో గురువులు కరువైనప్పుడు, పెద్దలు, బిషప్పులు ఒకే స్థాయి అని అప్పటికే నమ్మిన మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ, తాను కేవలం ప్రెస్బిటర్ అయి ఉండి 1784లో తానే అభిషేకం చేసి మనుషుల్ని పంపాడు. ఆయన పెట్టిన పేరు సూపరింటెండెంట్. అవతలివాళ్లు దాన్ని బిషప్‌గా మార్చుకుంటే ఆయనకు నచ్చలేదు.

పెద్దల సభలు: జెనీవా నుంచి స్కాట్లాండ్ దాకా

1541లో ప్రొటెస్టెంట్ సంస్కర్త జీన్ కాల్విన్ జెనీవాలో సంఘానికి నాలుగు పదవులు ఏర్పాటు చేశాడు: పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పరిచారకులు. పాస్టర్లు, పన్నెండు మంది పెద్దలు కలిసి వారానికోసారి కాన్సిస్టరీగా కూర్చునేవాళ్లు. భార్యాభర్తల తగాదాలు, తాగుడు, ప్రసంగం ఎగ్గొట్టడం అన్నీ అక్కడికే వచ్చేవి. పెద్దల్ని నగర మండళ్ల నుంచే తీసుకునేవాళ్లు. అందుకే ఒకరిని ప్రభు భోజనం నుంచి వెలివేసే హక్కు కాన్సిస్టరీదా, నగర పాలకులదా అన్న గొడవ 1555 దాకా సాగింది.

ఈ పద్ధతి జాన్ నాక్స్ ద్వారా స్కాట్లాండ్‌కు చేరి అక్కడ ప్రెస్బిటేరియన్ వ్యవస్థగా స్థిరపడింది. కింద స్థానిక పెద్దల సభ, దాని పైన ఆ ప్రాంతపు ప్రెస్బిటరీ, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. ఇందులో కీలకం ఒకటుంది. సభ్యులు పాస్టర్‌ను ఎన్నుకుని పిలుస్తారు, కానీ ఆయన జవాబు చెప్పుకునేది ప్రెస్బిటరీకి. అభిషేకించేది, క్రమశిక్షణ చర్య తీసుకునేది, తొలగించేది అదే. అంటే స్థానిక సంఘంలో ఒక బలమైన కుటుంబం పాస్టర్‌ను రాత్రికి రాత్రి పంపించెయ్యలేదు. పాస్టర్ కూడా తన ఇష్టానికి సంఘాన్ని ఆడించలేడు. కింద న్యాయం దొరకనివాడు పైసభకు అప్పీలు చేసుకోవచ్చు. అసెంబ్లీ అధ్యక్షుడి పదవి ఒక్క ఏడాదే. దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది: ప్రతిదీ కమిటీకి పోవాలి, కమిటీ తీరిక మీద ఆధారపడాలి.

బిషప్పులు లేకపోతే తన సింహాసనానికీ ముప్పేనని అనుకున్న రాజు ఒకరున్నాడు. స్కాట్లాండ్ పెద్దల సభలతో విసిగిపోయిన జేమ్స్, ఇంగ్లండ్ రాజయ్యాక 1604లో హాంప్టన్ కోర్టు సమావేశంలో, బిషప్ లేకపోతే రాజూ లేడని తేల్చేశాడు. సంఘ పాలన గురించిన వాదన ఎప్పుడూ ఒట్టి వేదాంతం కాదనడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆస్తి ఎవరిది: స్కాట్లాండ్ చెప్పిన పాఠం

పంతొమ్మిదో శతాబ్దం తొలి నాళ్ల స్కాట్లాండ్‌లో చాలాచోట్ల పాస్టర్‌ను ప్రతిపాదించే హక్కు ఆ ఊరి భూస్వామిది. పేరుకు పెద్దల పాలన, మనిషిని తెచ్చేది జమీందారు. 1834లో అసెంబ్లీ, ఆ మనిషి వద్దనుకుంటే తిరస్కరించే హక్కు కుటుంబ పెద్దలకు ఇచ్చింది. ఆ హక్కు చట్టం ముందు చెల్లదని సివిల్ కోర్టులు తీర్పిచ్చాయి. 1843 మే 18న ఎడిన్‌బరోలో అసెంబ్లీ మొదలవుతుండగా ఒక నిరసన పత్రం చదివి, పాస్టర్లు వరసగా లేచి వీధిలోకి నడిచారు. మొత్తం మీద 450 మందికి పైగా, అంటే పాస్టర్లలో మూడో వంతుకు మించి, స్థిరమైన జీతాన్ని, ఉంటున్న ఇంటిని, గుడిని వదులుకుని ఫ్రీ చర్చ్‌గా ఏర్పడ్డారు. కొత్త గుళ్లు, కొత్త ఇళ్లు చందాలతో కట్టుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. 1900లో ఆ ఫ్రీ చర్చ్‌లో అత్యధికులు మరో ప్రెస్బిటేరియన్ సంఘంతో కలిశారు. ఒప్పుకోని కొద్దిమంది కోర్టుకు వెళ్లారు. సంఘానికి రాజ్యం మద్దతు ఉండాలన్న మొదటి సిద్ధాంతాన్ని మెజారిటీ వదిలేసిందని, ఆ సిద్ధాంతాన్ని నమ్మి ఇచ్చిన ఆస్తి ఇక తమదేనని వాళ్ల వాదన. 1904లో, అప్పట్లో చివరి అప్పీలు కోర్టుగా పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ల వైపే తీర్పు చెప్పింది: ఐదుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. గుళ్లు, కాలేజీలు, నిధులు మొత్తం పిడికెడు మందికి వెళ్లిపోయాయి. వాటిని నడిపే మనుషులే వాళ్ల దగ్గర లేరు. చివరికి 1905లో పార్లమెంటు చట్టం చేసి, కమిషన్ వేసి, పంచిపెట్టాల్సి వచ్చింది. కోర్టుల జోక్యం వద్దని బయటికి వచ్చిన సంఘం భవిష్యత్తును కోర్టే నిర్ణయించడం విడ్డూరమే.

ట్రస్టు పత్రంలో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో ఇటీవల యునైటెడ్ మెథడిస్ట్ చర్చ్ కూడా చూపించింది. అందులో స్థానిక సంఘం భవనం కేంద్ర సంఘం తరఫున ట్రస్టుగా ఉంటుంది. స్వలింగ వివాహాల వివాదం తర్వాత 2019-2023 మధ్య బయటికి పోవడానికి ఒక దారి తెరిచారు. మూడింట రెండొంతుల ఓటు కావాలి, బకాయిలతో పాటు పాస్టర్ల పింఛను వాటా కట్టాలి, అప్పుడే భవనంతో సహా వెళ్లవచ్చు. అమెరికాలో 7,600కు పైగా సంఘాలు, దాదాపు నాలుగో వంతు, అలా వెళ్లిపోయాయి.

సంఘమే చివరి మాట

కాంగ్రిగేషనలిస్టులు, బాప్టిస్టులు ఈ చిక్కును వేరేలా విప్పారు. ఒక్కో స్థానిక సంఘం తనకు తానే సంపూర్ణం. దాని పైన క్రీస్తు తప్ప ఏ సభా లేదు. భవనం వాళ్లదే, పాస్టర్‌ను పిలిచేదీ పంపేదీ సభ్యుల ఓటే. పేతురు మొదటి పత్రికలోని ‘రాజులైన యాజకసమూహము’ అన్న మాట ఇక్కడ మూలమంత్రం: అందరూ యాజకులే అయినప్పుడు అందరికీ ఓటుంటుంది.

అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ సముదాయమైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో వార్షిక సమావేశానికి వచ్చేవాళ్లను ప్రతినిధులు అనరు, మెసెంజర్లు అంటారు. వాళ్లు తమ సంఘం తరఫున మాటిచ్చి దాన్ని కట్టిపడేయలేరు కాబట్టి ఆ పేరు. సభ చేసిన తీర్మానం స్థానిక సంఘం మీద రుద్దడానికి వీల్లేదు. పెద్ద శిక్ష ఏమిటంటే, ఇక మీరు మాతో లేరని చెప్పడం. 2023లో మహిళా పాస్టర్ల విషయంలో కొన్ని సంఘాలను అలాగే బయట పెట్టారు.

ఈ పద్ధతిలో సామాన్యుడికి దొరికే గౌరవం మిగతా రెండింట్లో దొరకదు. కానీ ఓటున్నంత మాత్రాన అధికారం సభ్యుల దగ్గరే ఉంటుందని కాదు. ముప్ఫై ఏళ్లుగా ఉన్న పాస్టర్, సంఘానికి ఎక్కువ కానుకలిచ్చే ఇద్దరు ముగ్గురు, సమావేశానికి ఎప్పుడూ వచ్చే పది మంది కలిస్తే నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటుంది. ఓటు దాని మీద ముద్ర మాత్రమే.

ఏ గూటిలోనూ ఇమడనివి

క్వేకర్ల సమావేశంలో ఓటింగ్ ఉండదు. అందరి మనసూ ఎటు మొగ్గిందో గమనించి, సమావేశాన్ని నడిపే క్లర్క్ ఒక మినిట్, అంటే నిర్ణయాన్ని తెలిపే వాక్యం, రాసి అక్కడే చదువుతాడు. ఒప్పుకోకపోతే మళ్లీ మౌనం, మళ్లీ రాయడం. దీనికి పూర్తి వ్యతిరేకం సాల్వేషన్ ఆర్మీ. దానికి జనరల్ ఉంటాడు, ర్యాంకులుంటాయి. వ్యవస్థాపకుడు విలియం బూత్ 1912లో చనిపోయినప్పుడు వారసుడి పేరు సీలు వేసిన కవరులో ఉంది, అది ఆయన కొడుకు బ్రామ్‌వెల్. ఆ కొడుకు జబ్బుపడ్డాక, 1929లో ఉన్నతాధికారులు హై కౌన్సిల్‌గా చేరి ఆయన్ను తప్పించి మరొకరిని ఎన్నుకున్నారు. అప్పటి నుంచి కవరు పోయి ఎన్నిక వచ్చింది.

ఆ కవరు పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏ సముదాయానికీ చెందని స్వతంత్ర సంఘాలు, ముఖ్యంగా పెంతెకొస్తు, కరిస్మాటిక్ ధోరణివి, వ్యవస్థాపకుడి చుట్టూ పెరుగుతాయి. ఎఫెసీ 4:11లోని అపొస్తలులు, ప్రవక్తలు, సువార్తికులు, కాపరులు, ఉపదేశకులు అన్న జాబితాను నేటికీ ఉన్న పదవులుగా చదివి, నాయకుడికి దేవుడి అభిషేకమే అధికారమని చెప్పడం వీటిలో చాలాచోట్ల వినిపిస్తుంది. అక్కడ మన మూడు ప్రశ్నలకు తరచుగా వచ్చే జవాబు ఒకటే పేరు. నియమించింది ఆయనే, ట్రస్టు ఛైర్మన్ ఆయనే, తప్పించాలంటే ఆయన కుటుంబ సభ్యులున్న బోర్డే తప్పించాలి. వేగంగా నిర్ణయాలు తీసుకోవచ్చు, కొత్తచోట సంఘం పెట్టాలంటే ఏ సినడ్ అనుమతీ అక్కర్లేదు. వీటి పెరుగుదలకు అదో కారణం. వారసత్వం దగ్గరకు వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

పెద్దలున్నారని చెప్పుకునే సంఘంలోనూ బైలాస్ మార్చి ఇదే స్థితి తేవచ్చు. సియాటిల్‌లోని మార్స్ హిల్ సంఘంలో 2007లో నిబంధనలు మార్చి అధికారాన్ని పెద్దలందరి దగ్గర నుంచి ఒక చిన్న బృందానికి మళ్లించారు. 2014లో నాయకత్వ తీరు మీద ఫిర్యాదులు ముదిరి వ్యవస్థాపక పాస్టర్ రాజీనామా చేశాక, ఆ ఏడాది చివరికి సంఘమే రద్దయింది.

తప్పు జరిగినప్పుడు

హెబ్రీ పత్రిక 13:17 నాయకుల మాట వినమంటూనే, వాళ్లు ‘లెక్క ఒప్పచెప్పవలసినవారివలె’ కాపలా కాస్తారని అంటుంది. లెక్క దేవుడికి అని అందరూ ఒప్పుకుంటారు. భూమి మీద ఎవరికి అన్నదే ప్రశ్న. లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఈ ప్రశ్నను ప్రతి పద్ధతి ముందూ పెట్టాయి, ఏ పద్ధతీ పూర్తిగా నెగ్గలేదు. కాథలిక్ సంఘంలో బిషప్ చేతిలో ఉన్న బదిలీ అధికారమే ఫిర్యాదులు దాచడానికి పనికొచ్చింది. బిషప్ మీదే ఫిర్యాదు వస్తే ఎవరు విచారించాలో 2019లో కొత్త నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. ఆంగ్లికన్లలో 2024 నవంబరులో వాళ్ల ప్రధాన బిషప్, అప్పటి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, ఒక వేధింపుల కేసు మీద వచ్చిన సమీక్ష తర్వాత రాజీనామా ప్రకటించారు.

సదరన్ బాప్టిస్టులది తలకిందుల సమస్య. బదిలీ చేసే బిషప్ లేడు కాబట్టి దాచే అధికారం కూడా పైన లేదనుకున్నారు. నిందితుల జాబితా ఉమ్మడిగా పెట్టండని బాధితులు అడిగితే, స్థానిక సంఘాల స్వాతంత్ర్యంలో జోక్యం చేసుకోలేమని ఏళ్ల తరబడి జవాబొచ్చింది. ఒకచోట బయటపడ్డ మనిషి ఇంకోచోట పాస్టర్‌గా చేరవచ్చు, అక్కడివాళ్లకు చెప్పేవాళ్లుండరు. 2022లో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక, కార్యనిర్వాహక కమిటీ లోపల ఒక జాబితా అంతకాలమూ ఉందని బయటపెట్టింది.

ఎదురెదురుగా నడుస్తున్నవాళ్లు

పద్ధతుల్ని కలిపే ప్రయత్నం కొత్తదేం కాదు. 1947లో మద్రాసులో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘంలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. ఇకపై అభిషేకాలన్నీ బిషప్ చేతుల మీదుగానే జరుగుతాయి, అప్పటికే పాస్టర్లుగా ఉన్నవాళ్లకు మళ్లీ అభిషేకం అడగరు అన్నది ఒప్పందం. బిషప్ ఉంటాడు, సినడ్‌తో కలిసి పాలిస్తాడు. మళ్లీ అభిషేకం అడగరన్న షరతు మింగుడుపడక బయటి ఆంగ్లికన్లు కొన్నాళ్లు తటపటాయించారు.

ఇప్పుడు జరుగుతున్నది విలీనం కాదు. 2023 అక్టోబరులో రోములో జరిగిన బిషప్పుల సినడ్‌లో తొలిసారి మహిళలు కూడా ఓటేశారు. 2024లో ముగింపు పత్రాన్ని పోప్ ఫ్రాన్సిస్ యథాతథంగా ఆమోదించి, దాని మీద తన పత్రం వేరే రాయనన్నారు. అయినా ఆ ఓట్లు సలహాలే, ఆమోదం పోప్‌దే. అదే 2024లో, స్థానిక స్వాతంత్ర్యమే ప్రాణమనే సదరన్ బాప్టిస్టులు, మహిళా పాస్టర్లున్న సంఘాలను తప్పించే నిబంధనను తమ రాజ్యాంగంలోకి ఎక్కించాలని ఓటేశారు. 61 శాతం మంది అవునన్నారు, మూడింట రెండొంతులు కాలేదు కాబట్టి ఆగింది. పైవాడి మాటే శాసనమనే చోట కిందివాళ్ల చేతికి ఓటు వస్తోంది, కిందివాళ్ల ఓటే శాసనమనే చోట మెజారిటీ జనమే పైన ఒక అధికారం కావాలంటున్నారు.